కంచికి చేరిన కథలు

1993లో దూరదర్శన్‌లో ఆదివారం ఉదయం ‘జంగిల్ బుక్’ వచ్చేది. అప్పటికి ఛత్తీస్‌గఢ్ ఇంకా పుట్టలేదు, రాయపూర్ మధ్యప్రదేశ్‌లోనే ఉంది. ఉద్యోగాలకనీ వ్యాపారాలకనీ వచ్చి శంకర్ నగర్ లాంటి కాలనీల్లో స్థిరపడిన తెలుగు ఇళ్ల పిల్లలకు మోగ్లీ తిరిగిన అడవి సొంత రాష్ట్రంలోదే. కిప్లింగ్ ఆ కథల్ని సివనీ కొండల చుట్టూ, వైన్‌గంగ నది ఒడ్డున అల్లాడు. టైటిల్ పాట గుల్జార్ రాశారు, సంగీతం విశాల్ భరద్వాజ్‌ది, షేర్ ఖాన్‌కు నానా పాటేకర్ గొంతు అరువిచ్చారు. హైదరాబాద్, విశాఖపట్నం పిల్లలూ అదే హిందీలో, అర్థమైనంత అర్థం చేసుకుంటూ చూశారు. అన్నీ మనవే. బొమ్మలు మాత్రం జపాన్‌వి. నిప్పాన్ యానిమేషన్ అనే సంస్థ 1989 అక్టోబరు నుంచి 1990 అక్టోబరు దాకా టీవీ టోక్యో కోసం తీసిన సీరియల్ అది.

మొత్తం 52 భాగాలు. అంటే ఏడాదికి ఎన్ని వారాలో అన్ని. ఆనాటి జపాన్ టీవీలో బొమ్మల సీరియల్‌కు అదే మామూలు కొలత. మన దేశానికి తొలిరోజుల్లో చేరిన యానిమే (జపాన్ బొమ్మల సీరియళ్లు) దాదాపుగా ఈ కొలతదో, ఇంతకంటే పెద్దదో. తర్వాత వచ్చిన ‘డోరేమాన్’, ‘షిన్‌చాన్’ల సంగతి చెప్పక్కర్లేదు, వాటికి అంతే లేదు. అందుకే యానిమే అనగానే మనవాళ్లకు ఎడతెగని సీరియలే గుర్తొస్తుంది.

కానీ మోగ్లీ సీరియల్ తయారవుతున్న ఆ ఏళ్లలోనే, అదే టోక్యోలో, నాలుగు భాగాల్లో, ఆరు భాగాల్లో, పదమూడు భాగాల్లో ముగిసిపోయే బొమ్మల కథలు పుట్టుకొచ్చాయి. జపాన్ యానిమే అభిమానులు స్వర్ణయుగమని చెప్పుకునే 1980, 90 దశకాల్లో అత్యుత్తమమైనవి చాలావరకు ఈ చిన్న సిరీస్‌లే. అవి అప్పట్లో మన దూరదర్శన్ గడప తొక్కలేదు. తొక్కే అవకాశమూ లేదు, ఎందుకంటే వాటిలో సగం జపాన్‌లోనే టీవీలో రాలేదు.

ఆ కథలు ఎందుకు చిన్నవయ్యాయో తెలియాలంటే ముందు డబ్బు సంగతి తెలియాలి.

1963 జనవరి 1న ఒసాము తెజుకా ‘ఆస్ట్రో బాయ్’ని ఫుజీ టీవీలో మొదలుపెట్టాడు. వారం వారం అరగంట బొమ్మల కథ అందించడం అప్పటికి జపాన్‌లో ఎవరూ చేయని సాహసం. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు కావాలి. అన్ని బొమ్మలు వారం రోజుల్లో గీయడం మనుషుల వల్ల కాదు. కాబట్టి ఒక్కో బొమ్మను మూడేసి ఫ్రేముల పాటు నిలిపారు. పెదవులు మాత్రమే కదిలించారు, వాడిన బొమ్మనే మళ్లీ మళ్లీ వాడారు. టీవీ వాళ్లిచ్చే సొమ్ము ఖర్చులకు సరిపోయేది కాదు. లోటంతా బొమ్మల మీద వచ్చే ఇతర ఆదాయంతో, అంటే చాక్లెట్ కంపెనీతో, ఆటవస్తువుల కంపెనీతో పూడ్చుకోవాలి. ఆ ఏర్పాటు తర్వాత వచ్చిన వాళ్లందరి మెడకూ చుట్టుకుంది. సీరియల్ ఎన్నాళ్లు నడవాలో దర్శకుడి చేతిలో ఉండదు. ఆటబొమ్మలు అమ్ముడుపోతే నడుస్తుంది, పోకపోతే ఆగుతుంది.

ఆగిన వాటిలో రెండు జగత్ప్రసిద్ధం. 1974లో వచ్చిన ‘స్పేస్ బ్యాటిల్‌షిప్ యమాతో’ను అనుకున్నదానికంటే బాగా కుదించి 26 భాగాలకే ముగించారు. దాని దురదృష్టం, ఆదివారం రాత్రి అదే సమయానికి ఇంకో చానల్లో ఇసావో తకహతా తీసిన ‘హైదీ’ వస్తోంది. ఇంటిల్లిపాదీ ఆల్ప్స్ కొండల్లో మేకల వెంట తిరిగే ఆ చిన్నపిల్లనే చూశారు. 1979లో యోషియుకి తొమినో తీసిన ‘మొబైల్ సూట్ గండమ్’కు 52 భాగాలనుకున్నారు. బొమ్మలు అమ్ముడుపోలేదని ఆటవస్తువుల కంపెనీ ముఖం చాటేసింది, 43తో కథ సర్దేశారు. తమాషా ఏమిటంటే, రెండూ ఆగిపోయాకే జనానికి పిచ్చి పట్టింది. యమాతోను అతికించి 1977లో సినిమాగా విడుదల చేస్తే కుర్రకారు థియేటర్ల ముందు బారులు తీరారు. 1980లో బందాయ్ సంస్థ గండమ్ ప్లాస్టిక్ కిట్లు దించితే దుకాణాలు ఖాళీ అయ్యాయి.

స్పాన్సర్ల పోరు లేకపోతే ఏమవుతుందో ఈలోగా ఒక్కసారి కనిపించింది. 1978లో ప్రభుత్వ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే తన మొదటి వారపు యానిమే సీరియల్‌ను హయావో మియజకి చేతిలో పెట్టింది. ‘ఫ్యూచర్ బాయ్ కోనన్’ 26 భాగాలు. అమ్మవలసిన బొమ్మా లేదు, మధ్యలో ప్రకటనా లేదు. యుద్ధంలో మునిగిపోయిన భూమి మీద ఒక కుర్రాడు పరుగు మొదలుపెట్టి చివరి భాగం దాకా ఆపడు. తర్వాతి కాలంలో మియజకి తీసిన ప్రఖ్యాత సినిమాల్లోని ఎగిరే యంత్రాలు, మొండి ఆడపిల్లలు, చెట్లకూ లోహానికీ జరిగే పోరు అన్నీ ఇక్కడే మొలకెత్తాయి.

ఇంతలో ఇళ్లలోకి వీసీఆర్ వచ్చింది.

ఆ రోజులు మనకూ తెలుసు. ఎనభైల్లో మన ఊళ్లలో కలర్ టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చి రాత్రంతా మూడు సినిమాలు చూసి, తెల్లారి కళ్లు నులుముకుంటూ తిరిగిచ్చేసేవాళ్లు. వీధి చివర వీడియో లైబ్రరీ ఉండేది. జపాన్‌లోనూ అలాంటి అద్దె దుకాణాలు లేచాయి. తేడా ఎక్కడంటే, మనకు క్యాసెట్ మీద వచ్చేది థియేటర్లో ఆడిన సినిమాయే. అక్కడ మాత్రం టీవీతోగానీ థియేటర్‌తోగానీ పని లేకుండా క్యాసెట్ కోసమే కథలు తీయొచ్చని ఎవరికో తట్టింది. 1983 డిసెంబరులో మార్కెట్లోకి వచ్చిన ‘డల్లోస్’ ఆ దారిలో మొదటిది. చంద్రుడి మీద గనుల్లో పనిచేసే మనుషులు భూమి పెత్తనం మీద తిరగబడే కథ, నాలుగు భాగాలు. దర్శకుల్లో ఒకడైన మమోరు ఒషీ తర్వాత ‘ఘోస్ట్ ఇన్ ద షెల్’తో ప్రపంచానికి పరిచయమయ్యాడు. నిజం చెప్పాలంటే ‘డల్లోస్’ గొప్ప కథేమీ కాదు. అది తెరిచిన తలుపు గొప్పది. ఆ పద్ధతికి ఓవీఏ (ఒరిజినల్ వీడియో యానిమేషన్) అనే పేరు స్థిరపడింది.

ఓవీఏ లెక్క సులువు. ఒక్కో క్యాసెట్ ఖరీదు వేల యెన్లు. కొనేది పిల్లలు కాదు, జీతం వచ్చే అభిమానులు, అద్దె దుకాణాల వాళ్లు. కొన్ని వేల కాపీలు పోతే చాలు, గిట్టుబాటవుతుంది. టీవీ అధికారి కత్తెర లేదు. వారం వారం గడువు తరమదు. భాగానికీ భాగానికీ మధ్య నెలలు గడవొచ్చు కాబట్టి బొమ్మలు తీరిగ్గా గీయొచ్చు. ఎనభైల చివర్లో జపాన్‌లో డబ్బు వరదలా పారుతోంది, పెట్టుబడి పెట్టేవాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. కత్తెర లేకపోవడం వల్ల చెత్త కూడా కుప్పలుగా వచ్చింది. నెత్తురు, బూతు తప్ప మరేమీ లేని క్యాసెట్లు గుట్టలున్నాయి. స్వర్ణయుగం అనేవాళ్లు ఆ గుట్టను పక్కనబెట్టి మాట్లాడతారు. ఈ వ్యాసమూ అంతే.

పక్కనబెట్టాక మిగిలినవాటిలో ముందు చెప్పుకోవలసింది ‘గన్‌బస్టర్’. 1988, 89లలో వచ్చిన ఆరు భాగాలు. గైనాక్స్ సంస్థది. దర్శకుడిగా హిడెయాకి ఆన్నోకు మొదటి ప్రయత్నం. మొదట్లో చూస్తే వెటకారంలా ఉంటుంది. రోబో నడపడం నేర్చుకునే ఆడపిల్లల బడి, కసరత్తులు, పోటీలు, ఏడుపులు. రెండో భాగం నుంచి కథ దారి మళ్లుతుంది. వెలుగు వేగానికి దగ్గరగా ప్రయాణించేవాళ్లకు కాలం నెమ్మదిగా గడుస్తుందన్న ఐన్‌స్టీన్ సిద్ధాంతం ఇక్కడ పాఠంలా కాక కన్నీళ్లుగా వస్తుంది. కథానాయిక నొరికో ఒక పోరాటానికి వెళ్లి వస్తుంది. ఆమె అదే పిల్ల, బడిలో తనతో చదివిన స్నేహితురాలు మాత్రం అప్పటికి తల్లయి ఎదురొస్తుంది. భాగవతం విన్నవాళ్లకు ఇది కొత్తగా తోచదు. రైవతుడు కూతురు రేవతికి వరుణ్ణి అడగడానికి బ్రహ్మలోకానికి వెళ్లి, అక్కడ గానం వింటూ కాసేపు నిలబడితే, కింద ఇరవై ఏడు మహాయుగాలు దొర్లిపోయాయి. రైవతుడికి కలిగిన దిగ్భ్రమ నొరికోకూ కలుగుతుంది, అదీ పదిహేడేళ్ల వయసులో. ఇక ఆరో భాగం దాదాపు మొత్తం నలుపు తెలుపుల్లో సాగుతుంది. రంగుల క్యాసెట్ కొన్నవాడికి నలుపు తెలుపు చూపించే ధైర్యం ఏ టీవీ చానల్లో చెల్లేది?

అదే 1989లో, గండమ్ పేరుతోనే, కానీ తొమినో కాకుండా ఫుమిహికో తకయామా అనే దర్శకుడు ‘వార్ ఇన్ ద పాకెట్’ తీశాడు. ఇదీ ఆరే భాగాలు. రోబోల సిరీస్‌లో రోబో యుద్ధాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. కథ అల్ఫ్రెడ్ అనే బడిపిల్లాడిది. ఊళ్లోకి యుద్ధం వస్తే బాగుండుననుకునే వయసు వాడిది. కాలనీలో కూలిన శత్రు యంత్రం దగ్గర ఒక కుర్ర సైనికుడితో వాడికి స్నేహం కుదురుతుంది. పక్కింటి అక్క క్రిస్టీనా అవతలి సైన్యంలో యంత్రాలు నడుపుతుందని ఆ ఇద్దరికీ తెలియదు. ఎలా ముగుస్తుందో ఇక్కడ చెప్పడం న్యాయం కాదు. చివరి దృశ్యం మాత్రం చెప్పొచ్చు. బడిలో ప్రార్థన సమావేశంలో అల్ఫ్రెడ్ వెక్కి వెక్కి ఏడుస్తుంటే, యుద్ధం అయిపోయిందని ఏడుస్తున్నాడేమోననుకుని తోటి పిల్లలు ఓదారుస్తారు, తొందర్లోనే ఇంకో పెద్ద యుద్ధం వస్తుందిలే అని. ఇదే కథ యాభై వారాలు సాగి ఉంటే ఆ పిల్లాణ్ణి ఎవరో ఒకరు రోబో ఎక్కించి వీరుణ్ణి చేసేసేవాళ్లు. ఆరు భాగాలే కాబట్టి ఆ అవసరం పడలేదు.

ఈ బరువంతా మోయలేనివాళ్ల కోసం ‘పాట్‌లేబర్’ ఉంది. 1988లో మొదలైన ఈ ఓవీఏకు ఆరు భాగాలనుకున్నారు, గిరాకీ చూసి ఏడోది చేర్చారు. ఇంకో పదేళ్లలో భవన నిర్మాణానికి భారీ రోబోలు వాడతారనీ, అలా వాడితే వాటితో నేరాలూ జరుగుతాయనీ, నేరాలు జరిగితే రోబో పోలీసులు కావాలనీ ఊహ. ఆ పోలీసులు వీరులు కారు, ప్రభుత్వోద్యోగులు. యంత్రానికి గీత పడితే పై అధికారికి సంజాయిషీ రాసుకోవాలి. మధ్యాహ్నం భోజనం ఎక్కణ్ణుంచి తెప్పించాలన్నది వాళ్లకు రోజూ తేలని సమస్య. టోక్యోలోని ఆ స్టేషన్ మన జిల్లా కేంద్రాల్లో ఏ ఆఫీసుకైనా చుట్టమే.

1990, 91 నాటికి జపాన్ డబ్బు బుడగ పేలింది. క్యాసెట్ల మీద పెట్టుబడి పలచబడింది. యసుహిరో ఇమగవా తీసిన ‘జయంట్ రోబో’ 1992లో మొదలై ఏడు భాగాలు పూర్తయ్యేసరికి 1998 అయింది. వార్సా ఫిల్‌హార్మనిక్ వాద్యబృందంతో సంగీతం వాయింపించిన సిరీస్ అది. ఆ ఠీవికి డబ్బు ఎక్కడిదని అభిమానులకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మొత్తానికి క్యాసెట్ కాలం సన్నగిల్లింది. కానీ చిన్న సిరీస్ చావలేదు, ఇల్లు మారింది అంతే.

1995 అక్టోబరులో ఆన్నో టీవీ టోక్యోలో ‘నియాన్ జెనసిస్ ఎవాంజెలియన్’ మొదలుపెట్టి 1996 మార్చిలో 26 భాగాలతో ముగించాడు. పైకి చూస్తే పిల్లలు నడిపే భారీ రోబోల కథ, లోపల తండ్రి ఆదరణ కోసం అలమటించే పద్నాలుగేళ్ల షింజీ మనసు. చివరి రెండు భాగాల దగ్గరికొచ్చేసరికి సమయమూ వనరులూ కరిగిపోయాయి. యుద్ధం చూపించకుండా షింజీ మనసులోపలి విచారణగా, కొన్నిచోట్ల పెన్సిల్ గీతలతోనే నడిపేశాడు. అభిమానుల్లో సగం మంది మండిపడ్డారు, సగం మంది మోకరిల్లారు. 1997లో సినిమా తీసి మరో ముగింపు చూపించాల్సి వచ్చింది. అదే ఏడు సీరియల్‌ను అర్ధరాత్రి వేళ మళ్లీ వేస్తే కుర్రకారు మేలుకుని మరీ చూశారు. ఎవరూ కొనని ఆ అర్ధరాత్రి సమయం ఓవీఏ వారసులకు దొరికింది. మూడు నెలలకు పన్నెండో పదమూడో భాగాలు తీసి అపరాత్రి ప్రసారం చేయడం, నచ్చినవాళ్లకు తర్వాత క్యాసెట్లు, డిస్కులు అమ్ముకోవడం, ఇదీ కొత్త లెక్క. నేటి యానిమేలో సగానికి పైగా ఈ పద్ధతి వారసత్వమే.

1998 ఒక్క ఏడాదిలో అర్ధరాత్రి గూటికి ఎంతటి పక్షి వచ్చి వాలిందో ‘సీరియల్ ఎక్స్‌పెరిమెంట్స్ లేన్’ చెబుతుంది. ర్యూతరో నకమురా దర్శకుడు, చియాకి కొనకా రచయిత, పదమూడు భాగాలు. లేన్ అనే ఒంటరి పిల్లకు, చనిపోయిన తోటి విద్యార్థిని నుంచి ఈ-మెయిల్ వస్తుంది. శరీరం వదిలేశాను, నెట్‌లోనే ఉన్నాను అన్నది దాని సారాంశం. అక్కణ్ణుంచి బయట తిరిగే లేన్ ఒకతె, నెట్‌లో తిరిగే లేన్ ఇంకొకతె అవుతుంది. రెండో లేన్ మీద పుకార్లు పుడతాయి, మొదటి లేన్ బడిలో తలెత్తుకోలేకపోతుంది. ఫేస్‌బుక్ పుట్టడానికి ఆరేళ్ల ముందు తీసిన కథ ఇది. ఇప్పుడు చూస్తే అప్పటికంటే బాగా అర్థమవుతుంది, అదే దాని విచిత్రం.

అదే ఏడాదిది ‘కౌబాయ్ బెబాప్’. షినిచిరో వతనబే దర్శకత్వం, యోకో కన్నో సంగీతం, 26 భాగాలు. తొలుత పెట్టుబడికి వచ్చిన బందాయ్ ఆటవస్తువుల విభాగం ఒక్కటే కోరిందట, అంతరిక్ష నౌక ఉంటే చాలు, మిగతాది మీ ఇష్టమని. ఆ ఇష్టం తెర మీద చూశాక, దీనితో బొమ్మలు అమ్ముడుపోవని వెనక్కి తగ్గింది. వీడియో విభాగం అందుకోకపోతే బెబాప్ లేదు. టీవీ టోక్యో 1998లో దాన్ని తునకలుగా, పదమూడు వారాలే వేసింది. మొత్తం 26 భాగాలూ వరసగా చూపించింది వావావ్ అనే చందా చానల్. 2071 నాటి అంతరిక్షంలో నేరస్తుల్ని పట్టి బహుమతి సొమ్ముతో బతకాలనుకునే నలుగురు మనుషులు, ఒక కుక్క. సొమ్ము ఎప్పుడూ చేతికి రాదు, ఆకలి తీరదు. ప్రతి భాగం ఓ విడి కథానిక, ఓ కొత్త రాగం. ఒకటి జాజ్ అయితే ఒకటి బ్లూస్. యానిమే అంటే పెదవి విరిచేవాళ్ల ముందు ఎవరైనా మొదట పెట్టవలసింది ఇదే. 2021లో నెట్‌ఫ్లిక్స్ దీన్ని నటులతో తీసింది, ఒక్క సీజన్‌తో ఆపేసింది.

2000లో కజుయా త్సురుమకి తీసిన ‘ఫూలీ కూలీ’ ఈ వరసలో చివరి మెరుపు అనొచ్చు. ఆరు భాగాలు. కుర్రాడి నుదుటి మీంచి రోబోలు మొలుచుకొస్తాయి, స్కూటర్ మీదొచ్చిన పిల్ల గిటారుతో కొడుతుంది, వెనక రాక్ సంగీతం హోరెత్తుతుంది. అర్థమైందా అని అడిగితే సమాధానం చెప్పడం కష్టం. ఆ సమయానికే పారదర్శక సెల్యులాయిడ్ రేకుల మీద చేత్తో రంగులద్ది కెమెరాతో తీసే పద్ధతి కంప్యూటర్‌కు దారి ఇస్తోంది. పాత సిరీస్‌లలో కనిపించే ఆ గరుకు వెచ్చదనం సగం ఆ రంగులదే. రేకుల్ని చివరిదాకా వదలని టీవీ సీరియల్ ‘సజాయె-సాన్’, అదీ 2013లో కంప్యూటర్‌కు మారింది.

తెలుగు వరకు వస్తే పరిస్థితి కొంత తారుమారుగా ఉంది. ఇవాళ తెలుగులో యానిమే కొరత లేదు. యానిమే స్ట్రీమింగ్ వేదిక క్రంచీరోల్‌లో ‘సోలో లెవెలింగ్’ తెలుగు మాటలతో దొరుకుతోంది. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ మన థియేటర్లలో తెలుగులోనూ ఆడింది. అదే ఏడాది జనవరిలో, యుగో సాకో 1992లో తీసిన జపాన్ ‘రామాయణ’ తెలుగులో వచ్చింది. విజయేంద్రప్రసాద్ దాని కొత్త రూపానికి చేయి వేశారు. కొత్తవీ, మన పురాణాలవీ వస్తున్నాయి. ఆరు భాగాల పాత బంగారం మీద మాత్రం డబ్బింగ్ వాళ్ల కన్ను పడలేదు, సబ్‌టైటిళ్లే శరణ్యం.

మన సొంత బొమ్మల కథలదీ పొడుగు దారే. హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ సంస్థ 2008లో పుట్టించిన ఛోటా భీమ్ ఇప్పటికీ లడ్డూలు తింటూనే ఉన్నాడు. అయితే 2024 మే 31న అదే గ్రీన్ గోల్డ్, వైజయంతీ వాళ్లతో కలిసి ‘బుజ్జి అండ్ భైరవ’ను ప్రైమ్ వీడియోలో పెట్టింది. ‘కల్కి 2898 ఏడీ’కి ముందుకథ, ప్రభాస్, కీర్తి సురేశ్ గొంతులు, రెండే రెండు భాగాలు. సినిమా ప్రచారం కోసమే కావచ్చు. కానీ టీవీతో పని లేకుండా, నేరుగా చూసేవాడి ఇంటికి, నాలుగు మెతుకులంత కథ పంపడమనే ఆలోచన ‘డల్లోస్’ది కాక మరెవరిది?

పాతవాటిని వెతుక్కునేవాళ్లు ‘పాట్‌లేబర్’తో మొదలుపెట్టి, ‘బెబాప్’ మీదుగా ‘గన్‌బస్టర్’కు వెళ్తే దారి సులువు. పదేళ్ల పిల్లలతో కూర్చుని చూడదగింది ‘ఫ్యూచర్ బాయ్ కోనన్’. ‘వార్ ఇన్ ద పాకెట్’ కాస్త పెద్ద పిల్లలకు, అదీ పక్కన పెద్దవాళ్లుంటేనే. ‘ఎవాంజెలియన్’ 2019 జూన్ నుంచి నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది, బొమ్మలని పిల్లల చేతికి రిమోట్ ఇచ్చి వంటింట్లోకి వెళ్లే రకం కాదు. ‘లేన్’ను రోజుకు ఒక భాగం చొప్పున చూడటం మంచిది. వరసగా పదమూడూ చూస్తే నాలుగో భాగం నుంచే బుర్ర తిరుగుతుంది.